నష్టభయం, వాటా పెట్టుబడి: పల్నాడు పత్తి సరఫరా గొలుసులో కర్బన ఉద్గారాల తగ్గింపు

పత్తి పొలం నుండి జిన్నింగ్ మిల్లుకు, అక్కడి నుండి నూలు మిల్లుకు, ఆపైన నేత, అద్దకం, కుట్టు దాటి దుస్తుల దుకాణానికి చేరుతుంది. ఈ గొలుసులో వెలువడే హరితగృహ వాయువులలో గణనీయమైన భాగం మొదటి మెట్టులోనే, అంటే రైతు పొలంలోనే పుడుతుంది. యూరియా వాడకం వల్ల వెలువడే నైట్రస్ ఆక్సైడ్, నీటి పంపులకు వాడే విద్యుత్తు, తీత ముగిసిన తరువాత తగులబెట్టే పత్తికట్టె ఇందుకు ముఖ్య కారణాలు. అయితే ఉద్గారాలు తగ్గాయని నివేదికలో చూపి ప్రయోజనం పొందేది గొలుసు చివరన ఉన్న సంస్థ. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు సుస్థిరత నివేదికను సెబీ 2022-23 నుండి తప్పనిసరి చేసింది. విదేశీ కొనుగోలుదారులు సైతం తమకు సరుకు అందించేవారి ఉద్గారాల లెక్క అడుగుతున్నారు. తగ్గించే పని ఒకరిది, దాని ఫలితం మరొకరిది. ఆ పనిలో పంట తగ్గితే నష్టపోయేది పని చేసినవాడే.

సరఫరా గొలుసు సిద్ధాంతంలో ఈ చిక్కుకు ఒక పరిష్కారం తరచు చర్చకు వస్తుంది. దిగువనున్న సంస్థ ఎగువనున్న ఉత్పత్తిదారు వ్యాపారంలో వాటా కొని, లాభంతోపాటు నష్టాన్ని కూడా పంచుకోవడమే అది. పల్నాడు పత్తి విషయంలో ఇది ఎంతవరకు పనికి వస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పల్నాడు రైతు, నష్టం జ్ఞాపకం

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి విడివడిన పల్నాడు జిల్లాకు నరసరావుపేట కేంద్రం. నాగార్జునసాగర్ కుడి కాలువ (జవహర్ కాలువ) జిల్లా గుండా పారుతున్నా, మాచర్ల, గురజాల ప్రాంతాలలో వర్షం మీదనే ఆధారపడిన నల్లరేగడి భూములు విస్తారంగా ఉన్నాయి. పత్తి, మిరప ఇక్కడి ప్రధాన వాణిజ్య పంటలు. రెండింటికీ పెట్టుబడి ఎక్కువ, రెండింటిలోనూ ఆదాయం ఏటికేడు ఊగిసలాడుతుంది.

1987-88లో తెల్లదోమ ఉధృతికి ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి దెబ్బతిని రైతులు ఆత్మహత్యలు చేసుకున్న సంగతి నేటికీ మరపునకు రాలేదు. 2002లో బీటీ పత్తి వచ్చిన తరువాత కాయతొలుచు పురుగు బెడద కొంతకాలం తగ్గినా, గులాబీ రంగు పురుగు తట్టుకునే శక్తిని సంపాదించి తిరిగి వచ్చింది. 2021-22లో కొత్తరకం తామర పురుగు మిరప తోటలను తుడిచిపెట్టింది. 2023లో కృష్ణా పరీవాహకంలో వర్షాలు లేక సాగర్ ఆయకట్టు నీటి కొరతకు లోనైంది. ఇన్ని దెబ్బలు చూసిన రైతు ఎరువు తగ్గించమన్నప్పుడు వెనుకాడితే దానిని అజ్ఞానమని కొట్టివేయడం తగదు.

ఇక్రిశాట్ శాస్త్రవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ 1980లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ఇప్పటికీ ప్రామాణికం. మహబూబ్‌నగర్ జిల్లా గ్రామాలలోను, మహారాష్ట్ర గ్రామాలలోను రైతుల చేత అసలు డబ్బుతో పందెం వంటి ఎంపికలు చేయించి ఆయన వారి నష్టభయాన్ని కొలిచారు. పందెం మొత్తం పెద్దదైనప్పుడు అత్యధికులు మధ్యస్థమైన నష్టభయం చూపారు. ఆస్తి ఉన్నవారికి, లేనివారికి మధ్య తేడా స్వల్పంగానే కనబడింది. పేద రైతు స్వభావసిద్ధంగా పిరికివాడు కాడనీ, అప్పు దొరకకపోవడం, చేతిలో నిల్వ లేకపోవడం వంటి పరిస్థితులే అతనిని ఆపుతున్నాయనీ దీని అర్థం. స్వభావాన్ని మార్చడం కష్టం, పరిస్థితిని మార్చవచ్చు.

రెండు బస్తాల యూరియా లెక్క

ఎకరాకు రెండు బస్తాల యూరియా అదనంగా వేస్తున్న రైతు వాటిని మానివేశాడని అనుకోవచ్చు. 45 కిలోల బస్తాలో 46 శాతం చొప్పున 20.7 కిలోల నత్రజని ఉంటుంది. రెండు బస్తాలకు 41.4 కిలోలు. ఐపీసీసీ 2006 మార్గదర్శకాల ప్రకారం వేసిన నత్రజనిలో ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్ రూపంలో పోతుంది. అంటే సుమారు 0.65 కిలో నైట్రస్ ఆక్సైడ్. నూరేళ్ల లెక్కన ఈ వాయువుకు బొగ్గుపులుసు వాయువు కంటే 273 రెట్లు వేడిని పెంచే శక్తి ఉన్నందున ఇది 178 కిలోలకు సమానం. యూరియా నేలలో విచ్ఛిన్నమైనప్పుడు నేరుగా వెలువడే బొగ్గుపులుసు వాయువు మరో 66 కిలోలు. మొత్తం సుమారు 0.24 టన్ను. ఎరువు తయారీలో ఖర్చయ్యే ఇంధనం ఇందులో చేరలేదు. పొడి వాతావరణ మండలాలకు ఐపీసీసీ 2019లో ఉద్గార గుణకాన్ని 0.5 శాతానికి సవరించింది. ఆ గుణకం వాడితే నైట్రస్ ఆక్సైడ్ భాగం సగానికి పడిపోతుంది.

టన్ను కర్బనానికి రూ.1,000 ధర దొరుకుతుందని ఉదారంగా ఊహించినా ఎకరాకు వచ్చేది రూ.240 మాత్రమే. మిగిలిన యూరియా ఖరీదు బస్తాకు రూ.266 చొప్పున రూ.530. మొత్తం ప్రయోజనం రూ.770. ఇక నష్టం వైపు చూడాలి. 2025-26కు పొడవు పింజ పత్తి కనీస మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. తీత కూలి, రవాణా పోను రూ.7,000 అనుకుంటే, ఎరువు తగ్గించినందువల్ల ఒక్క క్వింటాలు తగ్గినా తొమ్మిది పంటల ప్రయోజనం ఒక్క పంటలో పోతుంది.

అటువంటి నష్టం ఇరవై పంటలలో ఒకసారి, అంటే 5 శాతం సంభావ్యతతో వస్తుందని తీసుకుంటే సగటు నష్టం రూ.350. సగటున ఎకరాకు రూ.420 నికర లాభం మిగులుతుంది. సగటు మాత్రమే చూసేవాడు ఎరువు తగ్గిస్తాడు. నష్టభయం ఉన్న రైతు సగటు నుండి కొంత మొత్తాన్ని మనసులోనే తీసివేసి చూస్తాడు. ఆ మొత్తం రాబడి విస్తృతిని బట్టి ఉంటుంది. సాధారణంగా వాడే సూత్రంలో నష్టభయ గుణకంలో సగాన్ని విస్తృతితో హెచ్చవేస్తారు. సాపేక్ష నష్టభయం 2గా తీసుకుంటే, పంట మీద రూ.25,000 మిగిలే కౌలు రైతుకు గుణకం 0.00008, రూ.50,000 మిగిలే సొంత భూమి రైతుకు 0.00004 అవుతుంది.

ఎకరా వరకే అయితే కౌలు రైతు తీసివేసుకునే మొత్తం రూ.93. అతనికి ఇంకా రూ.327 లాభంగానే తోస్తుంది. అదే ఐదెకరాలకు సగటు లాభం ఐదు రెట్లు, రూ.2,100 అవుతుంది. విస్తృతి ఐదు రెట్లు కాదు, ఇరవై ఐదు రెట్లు పెరుగుతుంది. ఎందుకంటే ఒకే రైతు, ఒకే విత్తనం, ఒకే వాన. నష్టం వస్తే ఐదెకరాలకూ కలిసే వస్తుంది. తీసివేయవలసిన మొత్తం రూ.2,328కి చేరి లాభాన్ని మించిపోతుంది. సొంత భూమి రైతుకు అదే ఐదెకరాలలో ఈ మొత్తం రూ.1,164 మాత్రమే కనుక అతడు ముందుకు వస్తాడు. లాభం ఎకరాలతో పెరుగుతుంది, నష్టభయం ఎకరాల వర్గంతో పెరుగుతుంది. ప్రదర్శనా క్షేత్రంగా ఎకరం ఇచ్చిన రైతు మరుసటి ఏడు పొలమంతా ఆ పద్ధతిని ఎందుకు పాటించలేదన్న విస్తరణాధికారుల పాత ప్రశ్నకు సమాధానం చాలావరకు ఇక్కడ ఉన్నది. పై లెక్కలో కౌలు రైతు రెండు ఎకరాల పావు దగ్గర ఆగిపోతాడు. ఐదెకరాలలో వచ్చే రూ.35,000 నష్టం అతని మొత్తం మిగులునే మించుతున్నందున వాస్తవంలో ఇంకా ముందే ఆగవచ్చు.

ఇందులో వ్యవసాయశాస్త్ర పరంగా ఒక సందేహం లేవనెత్తవలసి ఉన్నది. 5 శాతం అన్న అంకె పంటది కాదు, రైతు మనసులోనిది. పత్తిలో మోతాదు మించిన నత్రజని శాఖీయ పెరుగుదలను పొడిగించి పచ్చదోమ, తెల్లదోమలను ఆకర్షిస్తుంది. అధిక ఎరువు పంటకు బీమా కాకపోగా కొన్ని సంవత్సరాలలో ముప్పుగానే మారుతుంది. అయినా వాన, నేల ఏమి ఇస్తాయో తెలియనప్పుడు రైతులు కాస్త ఎక్కువే వేస్తారని బ్రూస్ బాబ్‌కాక్ 1992లో అమెరికా మొక్కజొన్న రైతులను దృష్టిలో పెట్టుకొని వివరించారు. పల్నాడులోనూ అదే తర్కం. చేను నల్లగా, పచ్చగా కనబడుతుంది. దాని వెనుక వృథా అయిన నత్రజని కనబడదు. గురజాల మండలంలోని జంగమహేశ్వరపురం పరిశోధన స్థానం, గుంటూరు సమీపంలోని లాం ప్రాంతీయ పరిశోధన స్థానం వంటివి రైతు మనసులోని 5 శాతాన్ని 2 శాతానికి తేగలిగితే ఏ పెట్టుబడీ లేకుండానే సగం సమస్య తీరుతుంది. మిగిలిన సగానికే డబ్బు అవసరం.

అప్పు కాదు, పాలు

ఆ డబ్బు ఏ రూపంలో రావాలన్నదే అసలు విషయం. అప్పుగా వస్తే నష్టం వచ్చిన ఏటా అదే మొత్తం కట్టాలి, కాబట్టి నష్టభయం పెరుగుతుంది. టన్నుకు ఇంత అని ప్రోత్సాహకంగా వస్తే సగటు పెరుగుతుంది గాని విస్తృతి తగ్గదు. పంటల బీమా కూడా ఇక్కడ అక్కరకు రాదు. అది గ్రామం యూనిట్‌గానో వాతావరణ సూచిక ఆధారంగానో పరిహారం లెక్కిస్తుంది. ఒక రైతు ఎరువు తగ్గించినందువల్ల తన చేలో తగ్గిన క్వింటాలు ఆ లెక్కలోకి రాదు.

వాటా వేరు. పై ఉదాహరణలో ఐదెకరాల మార్పు వల్ల కలిగే లాభనష్టాలలో సగం మరొకరు తీసుకున్నారనుకుంటే, కౌలు రైతు సగటు లాభం రూ.1,050కి తగ్గుతుంది. విస్తృతి నాలుగో వంతుకు, అతడు తీసివేసుకునే మొత్తం రూ.582కు పడిపోతుంది. ఇంతకుముందు రూ.228 లోటుగా తోచిన పని ఇప్పుడు రూ.468 లాభంగా తోస్తుంది. ఒక్క రూపాయి సబ్సిడీ లేకుండా, కేవలం పంపకం వల్ల నిర్ణయం తారుమారైంది.

ఈ సంగతి పల్లెకు కొత్త కాదు. రొక్కం కౌలుకు చేసేవాడు పంట పండినా ఎండినా కౌలు కట్టవలసిందే. అది అప్పు వంటిది. పాలుకు చేసేవాడు పండినదానిలో సగం ఇస్తాడు, పండకపోతే భూస్వామి కూడా నష్టపోతాడు, అది వాటా. పాలు సేద్యం వెనుకబాటుతనానికి గుర్తన్న అభిప్రాయాన్ని జోసెఫ్ స్టిగ్లిట్జ్ 1974లో ప్రశ్నించి, అది నష్టాన్ని పంచుకునే ఏర్పాటని గణితపరంగా చూపారు. పాలులోని లోపాన్ని కూడా ఆ విశ్లేషణే చెప్పింది. ఫలంలో సగమే తనదైనప్పుడు రైతు శ్రమ కూడా తగ్గవచ్చు. కర్బన వాటాకు సైతం ఈ లోపం ఉంటుంది.

దీనికి పొలంలోనే ఒక పరిష్కారం ఉన్నది. ప్రతి రైతు చేలో కొన్ని సాళ్లను చీటీ వేసి ఎంపిక చేసి, వాటికి పాత మోతాదులోనే ఎరువు వేసి, దిగుబడిని విడిగా తూచాలి. పోలిక సాళ్లకు, మిగిలిన చేనుకు మధ్య ఉన్న తేడా మాత్రమే పంపకంలోకి రావాలి. రైతు కలుపు తీయకపోతే రెండు చోట్లా దిగుబడి తగ్గుతుంది, తేడా మారదు. కాబట్టి ఏమరుపాటు ఖర్చు అతనిదే, ఎరువు తగ్గింపు నష్టం మాత్రం ఉమ్మడిది. పోలిక సాళ్ల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టి తేడాను పెంచి చూపే ప్రమాదం లేకపోలేదు. తీత సమయంలో సంఘ సభ్యులే ఒకరి చేను మరొకరు తూచడం దీనికి కొంత అడ్డుకట్ట.

వాటా ఎవరు కొనగలరు

రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో మిల్లు నేరుగా వాటా కొనడానికి చట్టం ఒప్పుకోదు. వై.కె. అలఘ్ కమిటీ సిఫారసులపై 2002లో కంపెనీల చట్టాన్ని సవరించి ఉత్పత్తిదారుల కంపెనీలకు చోటు కల్పించారు. వాటిలో ఉత్పత్తిదారులు, ఉత్పత్తిదారుల సంస్థలు మాత్రమే సభ్యులు. వ్యక్తి సభ్యునికి ఎన్ని వాటాలున్నా ఓటు ఒక్కటే. ఈ నిబంధనను కొందరు అడ్డంకిగా చూస్తారు గాని, పెట్టుబడిదారు చేతికి పెత్తనం పోకుండా కాపాడే కంచె అది. దానిని తొలగించమని కోరడం కంటే దాని పక్కన ద్వారం వెతకడం మంచిది.

ద్వారం చట్టంలోనే ఉన్నది. ఉత్పత్తిదారుల కంపెనీ నిర్ణీత షరతులకు లోబడి ఇతర కంపెనీలలో వాటాలు కొనవచ్చు, అనుబంధ కంపెనీ పెట్టవచ్చు. కాబట్టి రైతుల కంపెనీ, నూలు మిల్లు, వస్త్ర కొనుగోలుదారు కలిసి ఒక సాధారణ కంపెనీని ఏర్పరచి, ఉద్గారాల తగ్గింపు వల్ల వచ్చే రాబడిని అందులో జమ చేసి, పోలిక సాళ్లలో తేలిన దిగుబడి లోటులో ఒప్పుకున్న భాగాన్ని దాని నుండే చెల్లించవచ్చు. 2020 నాటి 10,000 ఉత్పత్తిదారుల సంఘాల పథకం కింద సభ్యునికి రూ.2,000 వరకు, సంఘానికి రూ.15 లక్షల వరకు సమాన వాటా గ్రాంటు లభిస్తుంది. అది రైతుల కంపెనీకి సొంత మూలధన బలాన్ని ఇస్తుంది.

మిల్లు సైతం నష్టభయం లేనిది కాదు. 2022 మేలో 356 కిలోల క్యాండీ దూది ధర లక్ష రూపాయలు దాటినప్పుడు నూలు మిల్లులు ఉత్పత్తి తగ్గించుకోవలసి వచ్చింది. నరసరావుపేట, చిలకలూరిపేట పరిసరాలలోని చిన్న మిల్లులకు ఆ అనుభవం తాజాగానే ఉన్నది. నష్టాన్ని పంచుకునే బృందంలో ఎవరి ఓర్పు శక్తిని బట్టి వారికి వాటా ఉండాలని రాబర్ట్ విల్సన్ 1968లో నిరూపించారు. ఆ లెక్కన పెద్ద భాగం పడవలసింది చిన్న మిల్లు మీద కాదు, ఉద్గారాల తగ్గింపును తన నివేదికలో చూపుకునే పెద్ద కొనుగోలుదారు మీద. ఆచరణలో కొనుగోలుదారులు ధ్రువపత్రం అడిగి ఊరుకుంటున్నారు, ధ్రువపత్రం ఖర్చు కిందికి జారుతున్నది. అదే మాచర్లలో సిమెంటు కర్మాగారం కొలిమి ఇంధనాన్ని మార్చదలిస్తే దాని నష్టాన్ని కంపెనీ వాటాదారులందరూ పంచుకుంటారు. పక్కనే ఉన్న పత్తి చేనుకు అటువంటి వాటాదారులు లేరు.

ఇంకొక వాటాదారు ఉన్నా ఎవరికీ కనబడడు. రైతు బస్తాకు కట్టే రూ.266 యూరియా అసలు ఖర్చులో చిన్న భాగం. మిగిలినది కేంద్ర ప్రభుత్వం సబ్సిడీగా భరిస్తుంది. రైతు ఒక బస్తా మానితే కర్బన మార్కెట్ ఇచ్చేదాని కంటే ఎన్నో రెట్లు ఖజానాకు మిగులుతుంది. 2023 జూన్‌లో ఆమోదించిన పీఎం-ప్రణామ్ పథకం ఈ మిగులులో సగాన్ని రాష్ట్రాలకు గ్రాంటుగా ఇస్తామంటున్నది. ఆ గ్రాంటులో కొంత భాగం పైన చెప్పిన ఉమ్మడి కంపెనీలోకి వాటా మూలధనంగా వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. కర్బన క్రెడిట్ల మీదనే ఆశ పెట్టుకోవడం వివేకం కాదు. 100 మంది రైతులు, 500 ఎకరాలు కలిసినా వచ్చేవి 120 టన్నులు, రూ.1,20,000. కొలత, తనిఖీ ఖర్చులకే అది చాలకపోవచ్చు. 2024 జనవరిలో కేంద్ర వ్యవసాయ శాఖ విడుదల చేసిన స్వచ్ఛంద కర్బన మార్కెట్ విధానం చిన్న రైతులకు అందాలంటే వేల ఎకరాలను కలిపి లెక్కించక తప్పదు.

కలపడంలో సైతం మెలకువ అవసరం. ఒకే మండలంలోని 100 మంది రైతులు కలిస్తే పురుగు వచ్చిన ఏడు అందరూ ఒకేసారి నష్టపోతారు; ఉమ్మడి నిధి ఆ ఏటనే ఖాళీ అవుతుంది. మాచర్ల వైపు వర్షాధార చేలు, నరసరావుపేట వైపు కాలువ కింద ఆరుతడి చేలు ఒకే కంపెనీలో ఉంటే నష్టాలు ఒకదానితో ఒకటి ముడిపడడం తగ్గుతుంది.

వాటా పెట్టుబడి అన్నింటికీ మందు కాదు. కుడి కాలువ కింది వరిలో పొలాన్ని అప్పుడప్పుడు ఆరబెట్టి నీరు పెడితే మీథేన్ బాగా తగ్గుతుంది. అయినా చివరి భూముల రైతు నీరు నిలవబెడతాడు, మళ్లీ వంతు ఎప్పుడొస్తుందో అతనికి తెలియదు కనుక. ఆ భయాన్ని తీర్చవలసింది కాలువ వంతుల కచ్చితత్వం, మిల్లు వాటా కాదు.

చివరిగా సభ్యత్వం. పై లెక్కలో పంపకం అవసరం అత్యధికంగా ఉన్నది రూ.25,000 మిగిలే కౌలు రైతుకే. ఉత్పత్తిదారుగా అతడు కంపెనీలో సభ్యుడు కావడానికి చట్టం అడ్డుచెప్పదు. కానీ నమోదు సమయంలో పట్టాదారు పాసుపుస్తకం అడిగితే అతడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ఇచ్చే కార్డు కాలపరిమితి 11 నెలలు. యూరియా తగ్గింపు ఫలితం ఒక పంటలో తేలుతుంది కనుక ఆ కార్డు దానికి సరిపోతుంది. నేలలో సేంద్రియ కర్బనం పెరగడం వంటి మార్పులకు ఎన్నో ఏళ్లు పడుతుంది. ఆ ఫలం భూమితో ఉండిపోతుంది, కౌలుదారుడు వేరే చేనుకు పోతాడు. కాబట్టి తొలి దశలో వాటా ఒప్పందాలు ఒక పంటలో తేలే తగ్గింపులకే పరిమితం కావడం, సభ్యత్వానికి సాగుదారు కార్డునే ఆధారంగా తీసుకోవడం అవసరం. నేల కర్బనం మీద ఒప్పందం చేసుకోదలచినవారు భూ యజమానిని కూడా మూడో పక్షంగా చేర్చి, కౌలుదారుడు పొలం విడిచే నాటికి అతని భాగం ఎంతో తేల్చి చెల్లించే నిబంధనను ముందుగానే రాసుకోవాలి.